పెద్దవారి మఱపు: దూరపు శిక్షణము, ఇంటి సాధన

పొయ్యిమీద పాలుంచి మఱచుట, తాళపుచెవులు కొంగుననే పెట్టుకొని యిల్లెల్ల వెదకుట మనలో నెవరికి జరుగలేదు? అట్టి మఱపును గూర్చి మేమిచ్చట వ్రాయుట లేదు. నలువదేండ్లు సంసారము నడపిన తల్లికో, అత్తగారికో మెల్లమెల్లగా వచ్చి, ఇంటివారు గుర్తించులోపుననే వేళ్లూనుకొను మఱపు వేఱొకటి కలదు. దానిని గూర్చియు, దానికి పట్టణమందలి శిక్షకులు ఫోనుద్వారా నేర్పగల సాధనను గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

రఘునాథపల్లి జనగామ జిల్లాలో నొక మండలకేంద్రము. హైదరాబాదునుండి వరంగల్లునకు బోవు పెద్దబాటయు, రైలుదారియు ఆ వైపుగనే సాగును. సర్వాయి పాపన్న కోట గల ఖిలాషాపురము ఆ మండలములోనిదే. అట్టి పల్లెలనుండి పడుచువారు చదువులకును కొలువులకును హైదరాబాదు చేరుచుండ, పెద్దవారు పొలమును ఇంటిని కనిపెట్టుకొని నిలిచిపోవుచున్నారు. ఆ ప్రాంతమున నొక యింటిని మనము ఊహించుకొందము. అత్తగారికి 68 ఏండ్లు. పత్తి యేఱిన కూలీల లెక్క, పాల లెక్క, బియ్యపు కొలత – అన్నియు నామె నోటనే యుండెడివి. కాగితముతో నామెకు పనిలేకుండెను. ఇప్పుడు తెల్లవాఱగనే, “బిడ్డా, పాలాయన వచ్చిండా?” అని యడుగును. కోడలు బదులు చెప్పును. కొంతసేపటికి మరల నదే ప్రశ్న. మూడవమాఱు కోడలు, “ఇంతకుముందే చెప్తి గద అత్తమ్మా!” అని విసుగుకొనును. అత్తగారు చిన్నబోవును. నాటినుండి యామె అడుగుటయే మానివేయును. అంగడిలో తానిచ్చిన నోటెంతయో, తిరిగి రావలసిన చిల్లర యెంతయో తోచక తడబడును. ఐనను తన స్నానము, తన వంట, తన చీరకట్టు తానే చేసికొనును, పొలముదారి తప్పదు.

అప్పుడింటిలో రెండభిప్రాయములు పుట్టును. “ముసలితనమున నిది మామూలే, వైద్యుడెందులకు?” అనునది యొకటి. “ఇక మతి పోయినది, ఆమె చేతికేమియు నీయకుడు” అనునది రెండవది. మొదటి మాట ఆలస్యమునకును, రెండవ మాట అన్యాయమునకును దారితీయును.

ఈ నడిమి స్థితికి వైద్యులు ‘మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్’ అని పేరిడిరి. మనము దానిని స్వల్ప స్మృతిలోప మందము. అమెరికాలోని మేయో క్లినిక్కునందు పీటర్సన్ అను వైద్యుడు, తన సహచరులతో గూడి, 1999లో దీని లక్షణములను విశదముగా వర్ణించెను. మఱపు హెచ్చినదని రోగికో యింటివారికో తోచవలెను. పరీక్షయందు ఆ వయసువారికి ఉండదగినదానికంటె జ్ఞప్తి తక్కువగా కానరావలెను. దినకృత్యములు మాత్రము చెడకుండవలెను. దినకృత్యములు గూడ చెడినప్పుడు దానిని డిమెన్షియా యందురు. జ్ఞాపకశక్తి వైద్యశాలలకు వచ్చిన యిట్టివారిని గమనింపగా, ఏటేట నూటికి 10 నుండి 15 మంది వఱకు డిమెన్షియాలోనికి జాఱుచున్నారని తేలినది. తక్కినవారిలో ననేకు లేండ్లతరబడి యట్లే యుందురు. కొందఱు పూర్వస్థితికి మరలుదురు. కావున నీ పేరు విన్నంతనే గుండె చెదరనక్కఱలేదు. అట్లని చూచి చూడనట్లుండుటయు తగదు.

ఇది మనకు దగ్గఱి విషయమని చెప్పుటకు నొక లెక్క చాలును. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా యున్నదని 2023లో ప్రచురింపబడిన పరిశోధన తెలుపుచున్నది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను అది హెచ్చుగా నున్నదట. పల్లెయందలి ముదుసలి స్త్రీయే యీ భారమును మిక్కిలిగా మోయుచున్నదన్నమాట. నిపుణులైన వైద్యులును శిక్షకులును ఆమెకు మిక్కిలి దూరముగా నున్నారు.

సాధనకు ముందు చేయవలసిన పని వైద్యపరీక్ష. మఱపులన్నియు నొక్క కారణమున రావు. శరీరమున బి12 విటమిను తగ్గినను, థైరాయిడు గ్రంథి మందగించినను, మనసున దీర్ఘదుఃఖము గూడుకట్టినను, నిద్రకై మ్రింగు కొన్ని మాత్రలవలనను జ్ఞప్తి సన్నగిల్లును. చెవి సరిగా వినబడనివారు విననిదానిని మఱచినట్లు కనబడుదురు. వీనిలో పెక్కింటికి సులభమైన చికిత్స కలదు. బి12 తగ్గిన తల్లికి పదముల యాట నేర్పి, నయము కాలేదని వాపోవుట యేమి ప్రయోజనము? కావున మొదట దగ్గఱి ప్రభుత్వ వైద్యశాలకో, జనగామకో, వరంగల్లునకో తీసికొనిపోయి రక్తపరీక్షలు చేయింపవలెను. రక్తపుపోటు, చక్కెర, చూపు, వినికిడి – ఈ నాల్గింటిని చూపింపవలెను. మనుష్యుడు మార్చుకొనదగిన 14 కారణములను సరిదిద్దుకొన్నచో డిమెన్షియాలో దాదాపు నూటికి 45 వంతులు తప్పింపవచ్చునో, వెనుకకు నెట్టవచ్చునో యని లాన్సెట్ పత్రిక నియమించిన పండితసంఘము 2024లో తెలిపెను. పైని నాలుగును ఆ పదునాల్గింటిలోనివే.

పిదప జ్ఞప్తిని గూర్చిన పరీక్ష. ఇచ్చట మన స్త్రీలకు చిరకాలము అన్యాయము జరిగినది. ఈ పరీక్షలలో హెచ్చుభాగము ఆంగ్లమున, బడిలో చదివినవారికై పుట్టినవి. ఎన్నడును బలపము పట్టని తల్లిని బొమ్మ గీయుమనియు, మాటను వెనుకనుండి వర్ణక్రమమున చెప్పుమనియు అడిగి, ఆమె చెప్పలేకున్న రోగమని వ్రాయుట యెట్లు న్యాయము? హైదరాబాదునందలి నిజామ్స్ వైద్యవిజ్ఞానసంస్థలో డాక్టరు అల్లాడి సువర్ణగారును వారి సహచరులును ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగువారికి తగినట్లు మార్చిరి. తరువాత భారత వైద్యపరిశోధనమండలి పక్షమున హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడము, మలయాళము అను నైదు భాషలలో పరీక్షల సంపుటి యొకటి సిద్ధమైనది. కావున పరీక్షకు బోవునప్పుడు, “మా యమ్మ చదువుకొనలేదు; తెలుగుననే, చదువు రానివారికి తగిన పరీక్షయే చేయుడు” అని యడుగుటకు మీకు హక్కు గలదు.

ఆ నిజామ్స్ సంస్థలో జరిగిన పరిశోధన యొకటి లోకప్రసిద్ధమైనది. అచ్చటికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వృత్తాంతములను పరిశీలింపగా, రెండు భాషలు మాటలాడువారికి, ఒకే భాష యెఱిగినవారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వ్యాధి పొడసూపినట్లు తేలినది. 2013లో ఇది ప్రకటింపబడెను. అక్షరము రానివారిలోను ఈ భేదము కానవచ్చెను. ఇంట తెలుగు, సంతలో ఉర్దూ మాటలాడి బ్రదికిన తెలంగాణపు అవ్వలకు ఇది సంతోషకరమైన వార్త. రెండవ భాష నేర్చిన ప్రతివారికిని నాలుగున్నర యేండ్లు లభించునని దీని యర్థము కాదు. పుస్తకమొకటియే బుద్ధికి ఆహారము కాదని మాత్రము దీనివలన మనము గ్రహింపవచ్చును.

ఇక శిక్షణమునకు వత్తము. స్మృతి పునరభ్యాసమున రెండు తెఱగులు గలవు. జ్ఞప్తికి, ధ్యానమునకు, మాటకు, లెక్కకు నియమముగా పని కల్పించుట యొకటి. పోయిన శక్తికి బదులు వేఱొక యూత కల్పించుట రెండవది. అనగా గోడమీది పంచాంగము, తాళములకొక కొయ్య, మాత్రలకు ఏడు గదుల పెట్టె మొదలగునవి. నేర్పరియైన శిక్షకురాలు రెంటిని కలిపి, ఇంటి పరిస్థితి తెలిసికొని, ఆ యింటికే తగిన క్రమము నేర్పఱచును. దూరశిక్షణమున నామె పట్టణమున నుండి, వారమున కొకటి రెండు దినములు ఫోనుతెరమీద ముఖాముఖిగా మాటలాడి పాఠము చెప్పును. తక్కిన దినములలో నింటివారు దానిని సాధన చేయింతురు.

దూరమునుండి వైద్యము మన తెలుగునాట క్రొత్తది కాదు. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమున 2000 సంవత్సరముననే అపోలో వైద్యశాలవారు దూరవైద్యకేంద్రమును నెలకొల్పిరి. 2020 మార్చి 25వ తేదీని కేంద్రప్రభుత్వము దూరవైద్యమునకు నియమములు ప్రకటించెను. ఈ-సంజీవని యను ప్రభుత్వపు ఏర్పాటుద్వారా ఇంటనుండియే వైద్యునితో మాటలాడవచ్చును.

ఇట్టి సాధనవలన ఫలమున్నదా యని మీరడుగుదురు. ఉన్నంతవఱకే చెప్పుట మా విధి. 2014లో ఆస్ట్రేలియా పండితులు 52 పరిశోధనలను సమీకరించి చూచిరి. ఆరోగ్యవంతులైన వృద్ధులు యంత్రముమీద చేసిన బుద్ధిసాధనవలన కొలదిపాటి మేలు కలిగినది. కాని యింట నొంటరిగా కూర్చుండి చేసినవారికి ఫలము కానరాలేదు. గుంపులో, శిక్షకుని యెదుట చేసినవారికే మేలు కలిగినది. వారమునకు మూడుమార్లకు మించి చేసినవారికిని లాభము లేకపోయెను. స్వల్ప స్మృతిలోపము గలవారిని గూర్చిన 17 పరిశోధనలను 2017లో సమీకరింపగా, వారికి కొంత మేలు కలుగుచున్నట్లు తేలినది. డిమెన్షియా ముదిరినవారికి ఫలము స్వల్పము. 2022లో అమెరికాలో స్వల్ప స్మృతిలోపము గల 107 మందిచేత 78 వారములపాటు ఇంటనే కంప్యూటరుమీద సాధన చేయించిరి. సగముమందికి పదప్రహేళికలు, తక్కినవారికి బుద్ధికి పని కల్పించు క్రొత్తరకపు ఆటలు. పదప్రహేళికలు నింపినవారే మెఱుగుగా నుండిరి. ఏ సాధనయు చేయనివారితో నిచ్చట పోలిక లేదు గనుక, ప్రహేళికలు మఱపును మాన్పునని చెప్పరాదు. ఖరీదైన యాటలకంటె అలవాటైన మాటల యాట తక్కువది కాదని మాత్రము తెలియుచున్నది.

వీనివలన మాకు తోచిన సారమిది. ఫోను కొని తల్లి చేతికిచ్చి, “అందులో ఆటలున్నవి, ఆడుకొనుము” అని వెడలిపోయిన, అది శిక్షణము కాదు. ప్రక్కన నొక మనిషి కూర్చుండవలెను. దూరపు గురువు దారి చూపును. నడిపించునది దగ్గఱి మనిషియే. ఆ మనిషి చేయవలసినదేమో క్రమముగా చెప్పెదము.

దినములు మూడు, సమయము అరగంట, వేళ యొక్కటి. ఉదయమున భోజనమైన పిదప మనసు తేటగా నున్న వేళ మంచిది. టీవీ కట్టివేయవలెను. కండ్లద్దములు, వినికిడి యంత్రము ఉన్నచో పెట్టవలెను. ఫోను చేతబట్టుకొనక, డబ్బాకో పుస్తకములకో ఆనించి, ముఖముమీద వెలుతురు పడునట్లుంచవలెను. శిక్షకురాలు ప్రశ్న యడిగినప్పుడు, ప్రక్కనున్నవారు అందించి చెప్పరాదు. తల్లి సాక్షివలె కూర్చుండ కొడుకే బదులిచ్చుచుండుట దూరవైద్యమున సాధారణమైన లోపము. ఆమె ఆలసించి చెప్పినను, ఆమెనే చెప్పనీయవలెను.

ఒక సంగతి జ్ఞప్తి యుంచుకొనుటకు వ్యవధి పెంచుచు అడుగు పద్ధతి గలదు. మనుమరాలి పెండ్లి మాఘమాసములో నను మాట నేర్పవలెననుకొందము. మొదట మీరే చెప్పుడు, వెంటనే యడుగుడు. సరిగా చెప్పినచో ఒక నిమిషమునకు, పిదప రెండు, నాలుగు, ఎనిమిది నిమిషములకు అడుగుడు. నడుమ వేఱొక ముచ్చట చెప్పుకొనుడు. తప్పిన, ముఖము చిట్లింపక, సరియైనది వెంటనే చెప్పి, వెనుకటి వ్యవధికి మరలుడు. తప్పు మనసున నాటుకొనకముందే ఒప్పును అందించుట దీని కీలకము. “చెప్పు చూతము, ఏదీ?” అని చుట్టముల యెదుట పరీక్షించుట దీనికి బద్ధశత్రువు.

అంగడికి పంపునప్పుడు అయిదు వస్తువులు చాలును. కంది, పెసర, మినుములు పప్పులనియు, ధనియాలు, జీలకఱ్ఱ సంబారములనియు గుంపులుగా కట్టి చెప్పినచో జ్ఞప్తి సులభమగును. చదువు రానివారికి బొమ్మలు గీసి యీయవచ్చును. ఉదయపు మాత్ర గదికి పసుపు రంగు, రాత్రి మాత్ర గదికి నీలి రంగు పూయవచ్చును. మాటల సాధనకు మన యింటిలో కొదువ లేదు. మీరు సామెత సగము చెప్పుడు, ఆమె పూర్తి చేయును. పొడుపుకథలు విప్పింపుడు. బతుకమ్మ పాటలో మీకు రాని చరణము ఆమెచేతనే నేర్చుకొనుడు. అప్పుడామె గురువు, మీరు శిష్యులు. పచ్చీసు, అష్టాచెమ్మ, ఓనగుంటలు ఎంచి యెత్తు వేయు నాటలే. అవధానులు ధారణ సాధించునది నిత్యాభ్యాసముననే గదా! మన పెద్దలును అట్టి నిత్యాభ్యాసముననే యెదుగుదురు.

నడకను మఱువరాదు. ఫిన్లండు దేశమున 60 నుండి 77 ఏండ్ల వయసుగల 1,260 మందిని రెండేండ్లు గమనించిన పరిశోధన 2015లో ప్రకటింపబడెను. వారిలో సగముమందికి ఆహారనియమము, వ్యాయామము, బుద్ధిసాధన, రక్తపుపోటు మొదలగువాని పరీక్ష – ఈ నాలుగును కలిపి చేయించిరి. వారి బుద్ధివ్యాపారము తక్కినవారికంటె మెఱుగుగా నుండెను. నాలుగును కూడిననే ఆ ఫలము వచ్చినదని గమనింపవలెను.

ఇంతవఱకు చదివిన సోదరి, “పొయ్యి, పిల్లలు, పొలము, పశువులు – వీనితో నాకే తీఱదు, ఈ యరగంటయు నా మెడకేనా?” అని యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. పెద్దల సేవ కోడలిదనియు, దాని కీర్తి కొడుకుదనియు పంచుకొన్న ఆచారము ఇకనైన మాఱవలెను. దూరశిక్షణమున మాకు మిక్కిలి నచ్చినది ఇదియే: గురువు దూరమునుండి నేర్పగలిగినప్పుడు, హైదరాబాదులోని కొడుకును దూరమునుండి చేయింపగలడు. వారమున మూడు సాధనలలో నొకటి కొడుకు, నొకటి కూతురు ఫోనుమీద చేయింపవలెను. కోడలికి ఒకటి మిగులును. ఆ దినములలో పొరుగింటి పిల్లయో, మనుమడో ఫోను ఆనించి ప్రక్కన కూర్చుండిన చాలును. నెల కొకసారి డబ్బు పంపి, “అమ్మ బాగున్నదా?” అని కోడలిని అడుగుటకంటె, వారమునకు అరగంట అమ్మనే పొడుపుకథ యడుగుట మేలైన సేవ. తల్లి మాటలో వచ్చిన మార్పు కొడుకునకును తెలియును. కోడలు చెప్పినప్పుడు నమ్మును.

మఱియొక మాట, తాళపుచెవులను గూర్చి. మఱపు కనబడగనే ప్రేమతోనే యింటివారు ఆమె చేతినుండి ఒక్కొక్క పనియే తీసివేయుదురు. పొయ్యి వద్దందురు, అంగడి వద్దందురు, లెక్క వద్దందురు, తుదకు తాళపుచెవులు గూడ గుంజుకొందురు. పనిలేని బుద్ధి త్వరగా మొద్దుబాఱును. అధికారము పోయిన మనసు అంతకంటె త్వరగా క్రుంగును. అందుచేత పనిని తీయక, దాని చుట్టు కంచె కట్టవలెను. బియ్యము కొలుచుట ఆమెదే. వంట చేయునప్పుడు ప్రక్కన నొకరుండవలెను. పాల లెక్క ఆమెదే. రాత్రి మీరొకమాఱు చూచుకొనుడు. ఫోనులో బ్యాంకువారమని చెప్పి రహస్యసంఖ్య నడుగు మోసగాండ్రను గూర్చి మాత్రము ఆమెకును ఇంటివారికిని పదేపదే హెచ్చరిక యుండవలెను. ఈ స్థితిలోనివారు సాధారణముగా తమ పొలమును, తమ సొమ్మును గూర్చి తామే నిర్ణయింపగలవారు. ఆమె కోరిక యేమో యిప్పుడే, అందఱి యెదుట, నిదానముగా అడిగి తెలిసికొనుడు. అడుగక వేలిముద్ర వేయించుట మహాపాపము.

దూరశిక్షణము పనికిరాని వేళలును గలవు. అకస్మాత్తుగా మాట తడబడినను, మూతి వంకరపోయినను, చేయి కాలు పడిపోయినను క్షణమాలసింపక వైద్యశాలకు కొనిపోవలెను. ఒకటి రెండు దినములలోనే మతి చెదరినను, క్రిందపడి తల తగిలినను, ఎఱిగిన దారి తప్పినను ఫోను చాలదు. మనసునకు సంబంధించిన సలహాకు 2022 అక్టోబరు 10న ఆరంభింపబడిన టెలి-మానస్ వారి 14416 సంఖ్యకును, వృద్ధుల యిబ్బందులను చెప్పుకొనుటకు ఎల్డర్ లైన్ వారి 14567 సంఖ్యకును ఫోను చేయవచ్చును.

సోదరీమణులారా! మేము చెప్పిన సాధన మఱపును తుడిచివేయునని యాస పెట్టజాలము. తల్లి తన యింటిలో తానుగా నుండు దినములను పెంచుటకు అది తోడ్పడవచ్చును. రేపు తెల్లవాఱి ఆమె మూడవమాఱు, “పాలాయన వచ్చిండా?” అని యడిగినప్పుడు, విసుగుకొనకుడు. “వచ్చిండు అత్తమ్మా, రెండు లీటర్లు పోసిండు, చూడు, గోడమీద గీత పెట్టినం” అని చెప్పి, పాల లెక్క ఆమెచేతనే మరల చెప్పింపుడు. తాళపుచెవులు ఆమె కొంగుననే యుండనిండు.